గంటకి 1 డాలరు 30 సెంట్లు

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మ కదల్లేని స్థితిలో 11 రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆ 11 రోజులూ డాక్టరుగారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి చూసి వెళ్ళేవారు. రెండు గంటలకోసారి మాత్రం ఒకావిడ వచ్చేది. అమ్మని పక్కకి తిప్పేది. వీపు కింద దుప్పటి ముడతలు సరిచేసేది. మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టేది. మడమ ఎర్రబడినట్టు కనిపిస్తే వేలితో నొక్కి చూసేది. నొక్కిన చోట తెల్లబడి మళ్ళీ రంగు తిరిగితే ఫర్వాలేదట. తెల్లబడకుండా ఎర్రగానే ఉండిపోతే పుండు మొదలవుతున్నట్టట. ఆ సంగతి నాకు ఆవిడే చెప్పింది. మా అమ్మ ఒంటి మీద ఒక్క పుండు లేకుండా ఇంటికి వచ్చిందంటే అది ఆవిడ చేతి చలవే.

చివరి రోజున గమనించాను. ఆవిడ మెడలో వేలాడే కార్డు మీద ఆసుపత్రి పేరు లేదు. ఏదో ఏజెన్సీ పేరుంది.

ఆ కార్డు దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆసుపత్రి సిబ్బంది కనీస వేతనం గురించి ఎవరు మాట్లాడినా నాకు ముందు గుర్తొచ్చే కథ ఒకటుంది. అది చెప్పనివ్వండి.

అమెరికాలో సౌత్ కరోలైనా రాష్ట్రం, చార్ల్‌స్టన్ నగరం. అక్కడ మేరీ మౌల్ట్రీ అనే ఒక నల్లజాతి యువతి. ఆమె న్యూయార్క్‌లో ఆసుపత్రిలో లైసెన్సు ఉన్న ప్రాక్టికల్ నర్సుగా పనిచేసింది. 1967లో సొంత ఊరికి తిరిగి వచ్చింది. అక్కడి వైద్య కళాశాల ఆసుపత్రిలో చేరింది. న్యూయార్క్ లైసెన్సు ఇక్కడ చెల్లదన్నారు. నర్సుకి సహాయకురాలిగా, అంటే ఆయాగా తీసుకున్నారు. చెయ్యి అదే, నేర్చిన పని అదే. హోదా తగ్గింది, జీతం తగ్గింది.

ఎంత జీతం? 1969 నాటికి అక్కడి ఆయాలకి, వంటవాళ్ళకి, ఊడ్చి తుడిచేవాళ్ళకి గంటకి 1 డాలరు 30 సెంట్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. 1 డాలరు 30 సెంట్లు.

అప్పటికి అమెరికాలో కనీస వేతనం ఎంతో తెలుసా? 1 డాలరు 60 సెంట్లు. మరి ఆసుపత్రి చట్టాన్ని ఉల్లంఘించిందా? లేదు. చట్టమే అలా ఉంది. 1938లో కనీస వేతన చట్టం వచ్చినప్పుడు ఆసుపత్రి పనివాళ్ళలో చాలామందికి అందులో చోటే లేదు. 28 ఏళ్ళు గడిచాక, 1966లో, చట్టాన్ని సవరించి వాళ్ళని చేర్చారు. చేర్చారు గానీ కింది మెట్టు మీద నిలబెట్టారు. 1967లో గంటకి 1 డాలరుతో మొదలుపెట్టి ఏటా 15 సెంట్లు పెంచుకుంటూ పోయారు. ఆ లెక్కన 1969కి 1 డాలరు 30 సెంట్లు. ముందు నుంచీ చట్టంలో ఉన్నవాళ్ళకి 1 డాలరు 60. గంటకి 30 సెంట్లు తేడా. వారానికి 40 గంటలు వేసుకుంటే 12 డాలర్లు. మొత్తం వారం జీతం 52 డాలర్లయిన మనిషికి ఆ 12 డాలర్లు చిన్న మొత్తం కాదు.

డబ్బొక్కటే కాదు బాధ. అక్కడ ఆయాలంటే దాదాపు అందరూ నల్లజాతి స్త్రీలే. మంచం మీది రోగికి ఏం జబ్బో, ఏం జాగ్రత్త తీసుకోవాలో రాసి ఉండే ఛార్టుని తెల్లజాతి నర్సు చూడనివ్వకపోతే, తెలియకుండా పని చెయ్యలేమన్న ఐదుగురి ఉద్యోగాలు పోయాయి. గొడవయ్యాక మళ్ళీ తీసుకున్నారనుకోండి. రోగిని ఎలా ఎత్తాలో తెలుసుకోవాలని అడగడం తప్పెలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అప్పటి నుంచి వాళ్ళు కూడబలుక్కోవడం మొదలుపెట్టారు. న్యూయార్క్‌లో ఆసుపత్రి పనివాళ్ళ సంఘం ఉంది, లోకల్ 1199 అని. ఆ సంఘం అండ దొరికింది. 1969 మార్చిలో ఆసుపత్రి యాజమాన్యం 12 మందిని తీసేసింది. అందులో మేరీ మౌల్ట్రీ ఒకరు. మార్చి 20న సమ్మె మొదలైంది. నాలుగు వందల మందికి పైగా బయటికి వచ్చారు. కొద్ది రోజులకే కౌంటీ, అంటే జిల్లా, ఆసుపత్రి పనివాళ్ళూ కలిశారు.

అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లోనే మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. మెంఫిస్‌లో పారిశుధ్య కార్మికుల సమ్మెకి అండగా వెళ్ళి అక్కడే చనిపోయారాయన. ఏడాది తిరిగేసరికి ఆయన భార్య కొరెట్టా స్కాట్ కింగ్ చార్ల్‌స్టన్ వచ్చి ఈ ఆయాల పక్కన నడిచారు. గవర్నరు నేషనల్ గార్డు దళాలని, అంటే రాష్ట్రం చేతిలోని సైన్యాన్ని, దింపారు. కర్ఫ్యూ పెట్టారు. వందల మందిని అరెస్టు చేశారు. మే నెలలో మాతృ దినోత్సవం నాడు వేల మంది ఊరేగింపుగా నడిచారు. రోగిని పక్కకి తిప్పేవాళ్ళు, పక్కల మీద దుప్పట్లు మార్చేవాళ్ళు, అన్నం గిన్నెలు కడిగేవాళ్ళు. వాళ్ళని అడ్డుకోవడానికి తుపాకులు పట్టుకున్న సైనికులు వీధుల్లో నిలబడ్డారు.

దాదాపు వంద రోజులు. జూన్ 27న ఒప్పందం కుదిరింది. తీసేసిన 12 మందినీ మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. గంటకి 1 డాలరు 60 సెంట్లు వచ్చింది. సంఘానికి గుర్తింపు మాత్రం రాలేదు. అడిగినవన్నీ దక్కలేదు. ఆ కింది మెట్టు మాత్రం పోయింది.

ఈ కథని ఇంతసేపు ఎందుకు చెప్పానంటే, జీతం పెంచాలి అనగానే మనం ఎంత అని అడుగుతాం. నేను ముందు ఎవరికి అని అడగమంటాను. ఎవరికి? 1966లో చట్టం మారింది, అంకె పెరిగింది, పేపర్లలో వచ్చింది. అయినా చార్ల్‌స్టన్ ఆయా 30 సెంట్లు కిందే మిగిలింది.

ఇప్పటి సంగతికి వద్దాం. 2023 అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నరు ఒక చట్టం మీద సంతకం చేశారు. ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ళకి కనీస వేతనం మెల్లమెల్లగా గంటకి 25 డాలర్లకి చేరాలి. రాష్ట్రంలో 2024లో ఉన్న మామూలు కనీస వేతనం 16 డాలర్లు. ఖజానాకి భారమని అమలు కొన్నాళ్ళు వాయిదా పడి, 2024 అక్టోబరు 16న మొదలైంది. పదివేల మందికి పైగా పనిచేసే పెద్ద సంస్థల్లో ఆ రోజునే 23 డాలర్లు. పల్లెటూళ్ళలో ఉన్నవీ, పేదలే ఎక్కువగా వచ్చేవీ అయిన ఆసుపత్రుల్లో 18 డాలర్లు. ఈ చిన్న ఆసుపత్రులు 25కి చేరేది 2033లో.

చిన్న ఆసుపత్రికి గడువివ్వడం తప్పని నేను అనను. వచ్చే రోగుల్లో ఎక్కువమందికి ప్రభుత్వ పథకమే బిల్లు కడుతున్నప్పుడు, ఆ పథకం ఇచ్చే రేటు పెంచకుండా జీతం పెంచమంటే ఆసుపత్రి ఎక్కడి నుంచి తెస్తుంది? గంటలు కోస్తుంది. ఇద్దరు చేసే పని ఒకరి మీద వేస్తుంది. రెండు గంటలకోసారి తిప్పాల్సిన మనిషిని నాలుగు గంటలకోసారి తిప్పుతారు. కాబట్టి జీతం పెంచే ప్రభుత్వమే ఆ రేటూ పెంచాలి. అయినా ఒకే పని చేసే ఆయాకి ఆ మొదటి రోజున ఒక ఊళ్ళో 23, ఇంకో ఊళ్ళో 18 అంటే నాకు మళ్ళీ ఆ 30 సెంట్లే గుర్తొస్తాయి.

ఆ చట్టంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. అది డాక్టర్లకీ నర్సులకీ దగ్గరుండి సాయం చేసేవాళ్ళతో ఆగలేదు. ఊడ్చేవాళ్ళు, కాపలావాళ్ళు, వంటవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, కౌంటర్లో కూర్చునేవాళ్ళు, అందరినీ పేరుపేరునా చేర్చింది. కాంట్రాక్టు మీద వచ్చేవాళ్ళనీ చేర్చింది. అక్కడే ఒక మెలిక ఉంది. కాంట్రాక్టు మనిషి జీతం మీదో, గంటల మీదో, పని పద్ధతుల మీదో ఆసుపత్రికి పట్టు ఉందా లేదా అన్నది కూడా ఆ చట్టం చూస్తుంది.

ఇప్పుడు ఆ కార్డు దగ్గరికి వస్తున్నాను. మా అమ్మని తిప్పిన ఆవిడ ఎన్నింటికి రావాలో చెప్పేది ఆసుపత్రే. ఏ మంచం దగ్గరికి వెళ్ళాలో చెప్పేది ఆసుపత్రే. ఆవిడ ఒక్కసారి రాకపోతే పుండు పడేది ఆసుపత్రి రోగికే. జీతం మాత్రం ఏజెన్సీ ఇస్తుంది. ఆవిడ ఎవరి మనిషి?

అందుకని ఈ విషయం మీద ఎక్కడ చట్టం రాసినా, ఎవరు రాసినా, నేను అడిగేది ఒక్కటే. ఆసుపత్రి గేటు లోపల పనిచేసే ప్రతి మనిషికీ అదే రేటు వర్తిస్తుందని ఒక్క వాక్యం రాయండి. కార్డు మీద ఏ పేరున్నా సరే. ఏజెన్సీ ఆ రేటు ఇవ్వకపోతే ఆసుపత్రే కట్టాలని దాని కిందే ఇంకొక్క వాక్యం రాయండి.

మీరు ఎవరినైనా చూడడానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు రోగిని పక్కకి తిప్పే ఆవిడ మెడలో కార్డు ఒకసారి చదవండి. నేను 11 రోజులు ఆ గదిలో ఉండి చివరి రోజు దాకా చదవలేదు.

నమస్కారం.