ఊరి పటంలో ఖాళీ

(ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో, బీఏ మొదటి సంవత్సరం విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో సోషియాలజీ అధ్యాపకురాలి ప్రసంగం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చినవాళ్ళున్నారు, కూలి మానుకుని వచ్చినవాళ్ళున్నారు. హాల్లో తిరుగుతున్నవి రెండే ఫ్యాన్లు. కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను.

అడ్మిషన్లప్పుడు ఒక తండ్రి నన్నొక మాట అడిగారు. "మేడమ్, మా అమ్మాయి సోషియాలజీ తీసుకుంటానంటోంది. అందులో కులాలు, మతాలు, ఆడామగా తేడాలు చెప్తారట. మా ఇంట్లో మేం కులం మాటే ఎత్తం. లేనిపోనివన్నీ మీరే నేర్పినట్టు కాదా?" కోపంతో అడగలేదాయన, భయపడి అడిగారు. వెనక క్యూ పెద్దది. నేను ఏదో సర్దిచెప్పి పంపించేశాను. ఆయన ఇవాళ వచ్చారో లేదో తెలీదు. వచ్చుంటే, నేను చెప్పబోయేదంతా ఆయనకే.

ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఇళ్ళల్లో నిజంగానే కులం మాట ఎత్తరు. మా పుట్టింట్లోనూ అంతే. కొత్తవాళ్ళెవరైనా వస్తే "ఇంటిపేరేమిటండీ?" అని అడిగేవాళ్ళు. దాంతో తేలకపోతే "మీదే ఊరు? అక్కడ ఫలానావాళ్ళు మీకేమవుతారు?" అనేవాళ్ళు. కాఫీ చల్లారేలోపు అంతా తేలిపోయేది. కులం అన్న ముక్క మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు. అమెరికాలో మన పిల్లలైతే ఇంత డొంకతిరుగుడు కూడా లేకుండా "మనవాళ్ళేనా?" అని అడిగేస్తున్నారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కులవివక్షను నిషేధించింది. ఆ దేశంలో అలా చేసిన మొదటి నగరం అదే. మా డిపార్ట్‌మెంట్ నుంచి ఎవరూ అక్కడికి వెళ్ళి పాఠం చెప్పి రాలేదు మరి. ఆవకాయ జాడీతో పాటు అదీ సూట్‌కేసులో వెళ్ళింది.

సరే, క్లాసులో ఏం చేస్తామో చెప్తాను. మొదటి సెమిస్టర్‌లో మొదటి పని, ఎవరి ఊరి పటం వాళ్ళు చార్టు మీద గీసి తేవడం. బడి, గుడి, చర్చి, మసీదు, రేషన్ షాపు, వాటర్ ట్యాంకు, బస్సాగే చోటు, శ్మశానాలు, ఎవరెవరి ఇళ్ళు ఎటువైపున్నాయి, అన్నీ ఉండాలి. ఆ తర్వాత ఒక్కో దాని పక్కన పెన్సిల్‌తో రాయాలి, ఇది ఇక్కడే ఎందుకుంది అని.

అందరూ తేలికనుకుంటారు. శ్మశానం దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగుతుంది. "మేడమ్, మా ఊళ్ళో మూడున్నాయి. మూడూ గీయాలా?" గీయమంటాను. ట్యాంకు నుంచి పైపు ఏ దారిన పోతుందో, చివరి కుళాయి ఎవరి వీధిలో ఉందో, అక్కడికి చేరేసరికి ధార ఎంత సన్నబడుతుందో కూడా రాయమంటాను.

నీళ్ళ దగ్గర కాసేపు ఆగుతాం. మహారాష్ట్రలోని మహాడ్ పట్టణంలో చవదార్ చెరువు మున్సిపాలిటీ కాగితాల్లో అప్పటికే అందరిదీ. అయినా 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో వెళ్ళి ఆ నీళ్ళు తాగితే అంటరానివాళ్ళను వెంటపడి కొట్టారు. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చింది, పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళకు, మన కారంచేడులో, గేదెల కుడితి బకెట్ కడిగిన మురికి మంచినీళ్ళ చెరువులో పడుతుంటే మాదిగపల్లె వాళ్ళు ఇదేం పని అన్నారు. మర్నాడు, 1985 జులై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఈ హాల్లో ఉన్న కొందరు పెద్దవాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని పాఠంగా చెప్పేటప్పుడు సెక్షన్ల కంటే ముందు మేం చెప్పేది ఈ చెరువు గురించే. అది తెలిశాక, చార్టు మీద వాటర్ ట్యాంకు గుర్తు పెట్టేటప్పుడు పిల్లలు ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు.

కొన్నేళ్ళ కిందట ఒకే ఊరి పిల్లలిద్దరు ఒకే సెక్షన్‌లో పడ్డారు. అబ్బాయిది పెద్ద రైతు కుటుంబం. అమ్మాయిది మాదిగపల్లె. ఇద్దరూ విడివిడిగా పటాలు గీసుకొచ్చారు. అబ్బాయిది స్కేలు పెట్టి, రంగులు వేసి ముచ్చటగా ఉంది. కాలవ దాటాక మాత్రం తెల్లకాగితమే. అక్కడో బాణం గుర్తు వేసి "ఎస్సీ కాలనీ" అని రాశాడు. అమ్మాయి చార్టులో రంగుల్లేవు, గీతలు వంకర. కానీ ఊళ్ళో వీధి వీధీ ఉంది. ఎవరింట్లో బావుందో, ఏ ఇంటికి దొడ్డిదారుందో, ఏ అరుగు మీద కూర్చుంటే ఏమీ అనరో, అన్నీ ఉన్నాయి. ఆ అబ్బాయి వాళ్ళ పెరట్లో జామచెట్టుతో సహా.

వాడు తెల్లబోయాడు. "మా పెరడు నీకెలా తెలుసే?" అన్నాడు. "మీ చావిట్లో పేడ తీయడానికి మా అమ్మ వచ్చేది కదా, చిన్నప్పుడు వెంట వచ్చేదాన్ని" అంది. మామూలుగానే అంది. వాడు చార్టు చుట్టేసుకుని వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాడు.

క్లాసులో ఎవరూ వాణ్ణి ఒక్క మాట అనలేదు. అనాల్సిన పనీ లేదు, వాడు చెడ్డ పిల్లాడు కాడు. ఊళ్ళో పని చేసుకు బతికేవాళ్ళకు ఊరంతా తెలిసుండాలి, లేకపోతే పూట గడవదు. పని చేయించుకునేవాళ్ళకు కాలవ అవతల ఏముందో తెలీకపోయినా ఏ లోటూ రాదు. వాడికి లోటు తెలిసింది ఆ రోజే. నేను ఈ సబ్జెక్టు ఇన్నేళ్ళు చెప్పాను గానీ, అంత బాగా ఏ లెక్చర్‌లోనూ చెప్పలేకపోయాను.

ఇక రిజర్వేషన్లు. ఈ చర్చ రాకుండా ఏ బ్యాచూ పోలేదు, రావాలి కూడా. "మెరిట్ సంగతేంటి మేడమ్?" అని అడిగితే నేను వాదనకు దిగను. మీ ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి ఎవరో చెప్పమంటాను. ఒకరు తాతయ్య అంటారు. ఒకరు మేనమామ అంటారు. వరసగా నలుగురైదుగురు "నేనే" అంటారు. తాతయ్య అన్నవాడికి ఎంసెట్ ఫారం నింపడం దగ్గర్నుంచి ఏ కాలేజీకి ఏ ఆప్షన్ పెట్టాలో దాకా ఇంట్లోనే చెప్పేవాళ్ళున్నారు. "నేనే" అన్న పిల్ల నెట్ సెంటర్ కుర్రాడు చెప్పిన ఆప్షన్లు పెట్టి, ఇక్కడ తేలింది. ఇద్దరి మార్కులూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూడమంటాను. అందరూ ఒప్పుకుంటారని కాదు. ఒప్పుకోని వాళ్ళకు నేను మార్కులు తగ్గించను, బాగా రాస్తే వేస్తాను. మూడేళ్ళూ నాతో పోట్లాడి ఇప్పుడు టీచర్ అయినవాడూ ఉన్నాడు. పండగలకు ఫోన్ చేస్తాడు, ఇంకా పోట్లాడుతూనే ఉంటాడు.

నేర్చుకునేది పిల్లలొక్కరే కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే కాలేజీలో, ఆఫీసు నుంచి స్కాలర్‌షిప్ జాబితా వస్తే నేను క్లాసులోనే గట్టిగా చదివేదాన్ని. ముందు ఎస్సీ, తర్వాత ఎస్టీ, తర్వాత బీసీ. పేరు పిలవగానే లేచి వచ్చి సంతకం పెట్టాలి. నాకది హాజరు పిలిచినట్టే ఉండేది. ఓ రోజు నా టేబుల్ మీద మడిచిన కాగితం కనిపించింది. "మేడమ్, నా పేరు నోటీసు బోర్డులో పెట్టండి, నేను చూసుకుంటాను" అని మాత్రమే ఉంది. సంతకం లేదు. అంతకుముందు రోజే అంటరానితనం గురించి బ్రహ్మాండంగా పాఠం చెప్పానని మురిసిపోయి ఉన్నాను నేను.

నన్ను తరచూ అడిగేది ఇంకొకటుంది. తేడాలు ఉంటే తప్పేంటి, అయిదు వేళ్ళూ ఒకేలా ఉంటాయా అని. ఉండవు. నా మాట ఒకలా, సిక్కోలు పిల్ల మాట ఒకలా, కర్నూలు కుర్రాడిది ఇంకోలా, వరంగల్ వాళ్ళది మరోలా ఉంటాయి. అది తేడా. ఆ నాలుగింటిలో ఒకటే పాఠ్యపుస్తకంలోకీ వార్తల్లోకీ పోయి, మిగతా మూడూ సినిమాలో పనివాళ్ళ నోట్లోనో రౌడీల నోట్లోనో మిగిలితే దాన్ని తేడా అనరు. ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ వాళ్ళు చేసిన పోరాటంలో నీళ్ళు, నిధులు, నియామకాలతో పాటు ఈ వెక్కిరింత బాధ కూడా ఉంది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చాక కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవం చేసుకున్నారంటే ఊరికే కాదు.

ఇంట్లో సంగతికొస్తే తల్లులు నా మాట బాగా వింటారు, తండ్రులు ఫోన్లు చూసుకుంటారు. ప్రతి విద్యార్థీ ఒక ఆదివారం ఇంట్లో ఎవరు ఎంతసేపు ఏ పని చేశారో గంటల వారీగా రాయాలి. 2019లో కేంద్రం ఇలాంటి సర్వేనే దేశమంతా చేసింది. ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు వాటి మీద పెడుతుంటే, చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. అసలు ఆ పనుల జోలికే పోని మగవాళ్ళు ఈ లెక్కలో లేరు. మా అబ్బాయిలు రాసుకొచ్చిన కాగితాల్లో వాళ్ళ పని పక్కన "సాయం చేశాను" అని ఉంటుంది. అమ్మాయిల కాగితాల్లో సాయం అన్న మాట ఉండదు. అంట్లు తోమాను, బట్టలు ఉతికాను, అంతే. ఈ సంగతి నాకు ఒక విద్యార్థే చూపించాడు.

ఆస్తి సంగతీ అడుగుతాను. హిందూ కుటుంబాల పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమాన వాటా అని ఆంధ్రప్రదేశ్ చట్టం 1985 నుంచే అంటోంది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. మీ అమ్మ పేరు మీద ఎంత భూమి ఉందంటే "కట్నం ఇచ్చారు కదా మేడమ్" అంటారు. పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో ఇస్తే, పాస్‌బుక్కు ఎవరి పేరు మీదుందో కనుక్కుని రమ్మంటాను. ఈ పని మీద ఇద్దరు ముగ్గురు తండ్రులు నాకు ఫోన్ చేశారు. మెచ్చుకోవడానికి కాదు.

ఇన్ని విడివిడిగా చెప్పాక అడ్డం తిరిగే ప్రశ్న ఒకటొస్తుంది. ఒకే మనిషి పేద, దళిత, ఆడపిల్ల అయితే ఆమెను ఏ పేజీలో రాయాలి? దీనికి అమెరికా కేసు ఒకటి చెప్తాను. జనరల్ మోటార్స్ మీద అయిదుగురు నల్లజాతి మహిళలు వేసిన దావాలో 1976లో కోర్టు ఏమందంటే, కంపెనీలో ఆడవాళ్ళకు ఉద్యోగాలున్నాయి కాబట్టి ఆడవాళ్ళన్న వివక్ష లేదు, జాతి వివక్ష, ఆడవాళ్ళన్న వివక్ష రెండూ కలిపి కొత్తగా ఒక కేసు తయారు చేయడం కుదరదు అని. కోర్టు చెప్పిన ఆ ఉద్యోగాల్లోని ఆడవాళ్ళు తెల్లవాళ్ళు, ఆఫీసు పనుల్లో ఉన్నవాళ్ళు. ఫ్యాక్టరీలో ఉన్న నల్లవాళ్ళు మగవాళ్ళు. ఈ అయిదుగురూ రెండింటి మధ్యా జారిపోయారు. అమెరికా లా ప్రొఫెసర్ కింబర్లీ క్రెన్‌షా 1989లో ఈ జారిపోవడానికే "ఇంటర్‌సెక్షనాలిటీ" అని పేరు పెట్టారు. తెలుగులో ఇంకా నోటికి పట్టే మాట కుదరలేదు. ఒక విద్యార్థిని "రెండు బస్సుల మధ్య నలిగిపోవడం" అని రాసింది, నాకది నచ్చింది. ఎస్సీ అన్న ఒక్క మాట కింద కూడా మెట్లున్నాయని చెప్పడానికి మాదిగ దండోరా ఉద్యమం 1994లో మొదలైంది. ఎస్సీ కోటాను లోపలి కులాల వారీగా పంచే వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 ఆగస్టు 1 వచ్చింది. అంటే నా ఉద్యోగ జీవితమంతా ఆ పాఠం నడుస్తూనే ఉంది, ప్రతి ఏడాదీ నోట్సు మార్చుకుంటూ వచ్చాను.

ఉద్యోగాలు వస్తాయా అంటే, గ్రూప్స్ సిలబస్‌లో ఇదంతా ఉంది. బీఈడీ ఉంది, సర్వేల పనులున్నాయి. వివరాలు బయట బోర్డు మీద పెట్టాం.

ఆ ఇద్దరు పిల్లల సంగతి సగంలో వదిలేశాను. సంక్రాంతి సెలవులకు అబ్బాయి ఆ చార్టు పట్టుకుని కాలవ దాటి ఆ అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళాడు. వాళ్ళమ్మ కుర్చీ వేసి, టీ ఇచ్చిందట. ఆవిడ చెప్తుంటే కాలనీలో ఇళ్ళన్నీ గీసుకున్నాడు. ఖాళీ నిండింది. సెలవులయ్యాక చూపిస్తే బాగుందన్నాను. అప్పుడు ఆ అమ్మాయి తన చార్టు కూడా తెచ్చి, వీళ్ళింటి ముందు గుమ్మం ఎటువైపుందో నాకు తెలీదు మేడమ్, నేనెప్పుడూ దొడ్డిదారినే వెళ్ళాను, వీణ్ణి అడిగి రాయనా అంది. వాడు మాట్లాడలేదు. కాసేపటికి పెన్సిల్ తీసుకుని వాడే గీశాడు.

ఈ ఏడాది పటాలు దసరా సెలవుల తర్వాత తేవాలి. తెల్ల చార్టు, పెన్సిల్, చెరిపే రబ్బరు చాలు. రంగులకు మార్కుల్లేవు.