పుల్లటి వైన్‌కి పన్నెండేళ్ళు టైమిస్తే: హంటర్ సెమిలాన్

అందరికీ నమస్కారం అండి. సిడ్నీలో మనవాళ్ళం ఇన్నేళ్ళుగా ఉంటున్నాం, లాంగ్ వీకెండ్ వస్తే హంటర్ వ్యాలీ వెళ్తాం, రెండు గంటల డ్రైవే కదా, తోటల్లో ఫొటోలు దిగి ఒక రెడ్ వైన్ కొనుక్కుని వచ్చేస్తాం. కానీ ఆ లోయ గొప్పతనం అంతా సెమిలాన్ అనే ద్రాక్షతో చేసే డ్రై, అంటే తీపి లేని, వైట్ వైన్‌లో ఉందని నా గట్టి నమ్మకం.

మీ ముందు రెండు గ్లాసులున్నాయి, ముందు ఎడమవైపుది తీసుకోండి. పోయినేడాది పంట. రంగు దాదాపు నీళ్ళే, అంచున కొద్దిగా ఆకుపచ్చ ఛాయ. ఒక గుక్క తాగితే నిమ్మకాయ, పచ్చిగడ్డి వాసన, దవడల పక్కన నీళ్ళూరతాయి, అంతే. పల్చగా ఉంది, పుల్లగా ఉంది అని చాలామంది ఇక్కడే గ్లాసు పక్కన పెట్టేస్తారు, నాకు అదే బాధ.

ఎందుకంటే ఆ పులుపే దీని ఆయుష్షు. హంటర్‌లో ఎండలు, ఉక్కపోత, పైగా కోతల టైంలో వానల భయం, అందుకే ద్రాక్షకి తీపి పూర్తిగా ఎక్కకముందే, చాలాసార్లు జనవరి చివర్లోనే కోసేస్తారు, తీపి తక్కువ కాబట్టి ఆల్కహాల్ 10, 11 శాతం దగ్గరే ఆగిపోతుంది, పులుపు మాత్రం అలాగే నిలబడుతుంది, పులుపుని కొలిచే పీహెచ్ 3కి అటూ ఇటూ, ఆ అంకె ఎంత తక్కువైతే అంత పులుపు. స్టీల్ ట్యాంకుల్లో చల్లగా పులియబెట్టి, ఓక్ పీపాల జోలికి పోకుండా కొన్ని నెలల్లోనే బాటిల్లో పోసేస్తారు.

ఆ తర్వాత పని అంతా కాలానిదే. మూడేళ్ళకి తీస్తే మూగగా ఉంటుంది, అప్పటికి నిమ్మ వాసన తగ్గిపోయి ఉంటుంది, కొత్తదింకా వచ్చి ఉండదు. పాత బియ్యం విలువ తెలిసిన మనకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. టిరెల్స్ అనే వైన్ తయారీ కుటుంబం వాళ్ళు 1858 నుంచి హంటర్‌లో ఉన్నారు, వాళ్ళ వ్యాట్ 1 సెమిలాన్ 1963లో మొదలైంది, దాన్ని అయిదేళ్ళ దాకా తమ సెల్లార్‌లోనే దాచి అప్పుడు అమ్మకానికి పెడతారు. ఒకప్పుడు ఈ వైన్‌ని హంటర్ రివర్ రీస్లింగ్ అని వేరే ద్రాక్ష పేరుతో అమ్మేవాళ్ళు, అంత మంచి వైన్‌కి సొంత పేరు లేకపోవడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

దాచేటప్పుడు వేడి ఒక్కటీ తగలనివ్వకండి. నేను ఆరు బాటిళ్ళు గ్యారేజీలో పెట్టాను, రెండు ఎండాకాలాలు గడిచేసరికి గోధుమరంగుకి తిరిగి, కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన, ఆరూ సింక్‌లో పోశాను, చాలా బాధేసింది. చీకటి, 12 నుంచి 14 డిగ్రీలు, అది చాలు. మూత గురించి బెంగ వద్దు, ఇప్పుడు చాలావరకు స్క్రూ క్యాపే, కార్క్ ఉన్న రోజుల్లో ఒకే పెట్టెలో ఒకటి బంగారం, ఇంకొకటి పాడు.

ఇప్పుడు కుడివైపు గ్లాసు, పన్నెండేళ్ళది. వెంటనే తాగకండి, ముందు వాసన చూడండి. కాల్చిన బ్రెడ్, వెన్న, తేనె... పీపా మొహం చూడని వైన్ ఇది, తీపి చుక్క కూడా లేదు. ఇప్పుడు తాగండి, ఆ నిమ్మ పులుపు ఇంకా అడుగున ఉందో లేదో మీరే చెప్పండి.