మేడ మీదకు వచ్చిన పాట గదిలోకి రావాలంటే

(విజయనగరంలో ఒక పేట గ్రంథాలయంలో సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లుగా రేడియోలు, టీవీలు బాగుచేస్తున్నాను కాబట్టి నాకు తెలిసిన పని గురించే మాట్లాడతాను.

పోయిన నెల మా వీధి చివర ఉండే మాస్టారు ఒకాయన కబురు పెట్టారు. రిటైరై చాలా ఏళ్లయింది, వయొలిన్ అంటే ప్రాణం. పిల్లలు కొనిచ్చిన కొత్త స్టీరియో రిసీవరు, రెండు పెద్ద స్పీకర్లు హాల్లో ఉన్నాయి. ఫోన్‌లోంచి పాట పెడితే అద్భుతంగా పలుకుతోంది. ఎఫ్ఎం పెడితే మాత్రం బుస్సుమంటోంది. "బాబూ, దీనికంటే వంటింట్లో ఉన్న పాత ట్రాన్సిస్టరే నయం కదా, సెట్టు పాడైపోయిందా?" అని అడిగారు. సెట్టుకు ఏమీ కాలేదు. దాని వెనక పెట్టెతో పాటు వచ్చిన సన్నని తీగ ఒకటి ఇనుప బీరువా వెనక్కి జారిపడి ఉంది. అదే యాంటెన్నా, ఆ సెట్టుకు చెవి.

1919లో సంగీత కళాశాల పెట్టిన ఊరు మనది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన ఊరు. ఇలాంటి ఊళ్లో వయొలిన్ కచేరీ బుస మధ్య వినాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది. పైగా ఖర్చు లేని పని కాబట్టి ఇంకా బాధ.

ముందుగా మనం ఎక్కడున్నామో చూసుకుందాం. మనకు ఎఫ్ఎం ఎక్కువగా విశాఖ నుంచే రావాలి. ఆకాశవాణి వారి రెయిన్‌బో స్టేషన్, 102 మెగాహెర్ట్జ్, అక్కడిదే. విశాఖ మనకు నైరుతి దిక్కున, కాస్త దక్షిణం వైపుగా, కాకి ఎగిరే దారిలో దాదాపు 50 కిలోమీటర్లు. ఎఫ్ఎం తరంగం దాదాపు చూపులాగే తిన్నగా పోతుంది. భూమి వంపు దాటాక బలం బాగా పడిపోతుంది. ఎంత దూరం అందుతుందో లెక్కకు ఒక సులువైన సూత్రం ఉంది. ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో గుణించండి, కిలోమీటర్లు వస్తాయి. ప్రసార స్తంభానికీ, మన యాంటెన్నాకూ విడివిడిగా లెక్కేసి కలపాలి. ఉదాహరణకు అక్కడి స్తంభం 100 మీటర్లనుకోండి, 41 కిలోమీటర్లు. మన తీగ హాల్లో బల్ల మీద ఒక మీటరు ఎత్తులో ఉంటే ఇంకో 4. మొత్తం 45, ఊరు చేరకుండానే ఆగిపోయింది. అదే యాంటెన్నా మేడ మీద 9 మీటర్ల ఎత్తున ఉంటే 12 కిలోమీటర్లు కలుస్తాయి, మొత్తం 53. ఊరు దాటి వచ్చింది! గోడలు, ఇనుప బీరువాలు తినేది ఇందులో వేసుకోలేదు. మనం సరిగ్గా అంచు మీద ఉన్నాం. అంచున ఉన్నవాడికి ఆరు మీటర్లు, ఎనిమిది మీటర్లు చాలా పెద్ద మాట.

శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. మీకు విశాఖ దాదాపు 100 కిలోమీటర్లు. మామూలు యాంటెన్నా సరిపోదు. పాత దూరదర్శన్ రోజుల్లో మేడల మీద చూసిన, వరసగా అడ్డ గొట్టాలుండే యాగీ యాంటెన్నాలాంటిది, ఎఫ్ఎం కొలతలతో కావాలి. అప్పుడు కూడా రోజూ ఒకేలా రాదు. ఎండాకాలం సముద్రం మీద గాలి నిశ్చలంగా ఉన్న రాత్రుల్లో మాత్రం తరంగం నీటి వెంబడి చాలా దూరం పాకి వస్తుంది. ఇచ్ఛాపురం వాళ్లు విశాఖ వైపు కాదు, బరంపురం వైపు తిప్పి చూసుకోవాలి.

మాస్టారి ప్రశ్నకు వద్దాం. ట్రాన్సిస్టర్ ఎందుకు నయంగా వినిపించింది? దానికి స్పీకరు ఒక్కటే, మోనో. స్టీరియోలో ఎడమ, కుడి కలిపిన ధ్వని ఒకటి వస్తుంది, రెండింటి తేడా 38 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంకో పొరగా ఎక్కి వస్తుంది. ఎఫ్ఎంలో పై పౌనఃపున్యాలకు పోయేకొద్దీ బుస పెరుగుతుంది కాబట్టి ఆ రెండో పొర నిండా బుసే. స్టీరియోను మోనో అంత నిశ్శబ్దంగా వినాలంటే 20 డెసిబెల్స్, అంటే దాదాపు వంద రెట్లు బలమైన సిగ్నల్ కావాలి. మోనో బటన్ నొక్కితే బుస తగ్గిపోయేది ఇందుకే. ఆ రాత్రికి మాస్టారికి అదే చెప్పి వచ్చాను, మర్నాడు నిచ్చెన పట్టుకెళ్లాను.

యాంటెన్నా అంటే పెద్ద వస్తువేమీ కాదు. 143ను స్టేషన్ మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే మీటర్లలో పొడవు వస్తుంది. 102కు 1.40 మీటర్లు. అంటే 70 సెంటీమీటర్ల అల్యూమినియం గొట్టాలు రెండు, మధ్యలో చిన్న ఖాళీ, అంతే. దీన్ని డైపోల్ అంటాం. మేడ మీద మూలకు పడేసిన పాత దూరదర్శన్ యాంటెన్నా గొట్టాలు ఇందుకు చక్కగా పనికొస్తాయి. కేబుల్ కూడా చాలా ఇళ్లలో ఉంది! డిష్‌కు వాడి వదిలేసిన ఆర్‌జీ-6 నల్లని కేబుల్ 75 ఓమ్‌లది, డైపోల్ దాదాపు 75 ఓమ్‌లది, రిసీవరు వెనక ఎఫ్ఎం సాకెట్ కూడా 75 ఓమ్‌లదే. ఈ ఓమ్‌ల అంకె ఒకటైతేనే సిగ్నల్ ఒకదాన్నుంచి ఇంకోదానికి వృథా కాకుండా దాటుతుంది. ఇక్కడ మూడూ కుదిరాయి. 20 మీటర్ల కేబుల్‌లో పోయేది ఒకటిన్నర డెసిబెల్ మాత్రమే. కేబుల్ నడుమ ఉన్న రాగి తీగ ఒక గొట్టానికి, చుట్టూ ఉన్న జాలీ రెండో గొట్టానికి బిగించాలి. యాంటెన్నా కిందనే కేబుల్‌ను అరచేతి వెడల్పు చుట్టలు ఆరేడు చుట్టి కట్టండి. లేకపోతే కేబుల్ పైపొర కూడా యాంటెన్నాలా పనిచేసి ఇంట్లోని ఎల్ఈడీ బల్బులు, చార్జర్ల గోలంతా మోసుకెళ్లి సెట్టులో పోస్తుంది.

కొన్న యాంటెన్నా గొట్టం రెండు చివరలూ వంచి కలిపినదైతే అది ఫోల్డెడ్ డైపోల్, 300 ఓమ్‌లది. దానికి నేరుగా ఆర్‌జీ-6 తగిలించకూడదు. నడుమ 300ను 75తో కుదిర్చే బాలన్ పెట్టాలి. పాత టీవీల వెనక గుచ్చేవాళ్లమే, చిన్న నల్ల డబ్బా, అదే. ఇది వదిలేసి "యాంటెన్నా పెట్టినా ఏం లాభం లేదండీ" అన్న ఇళ్లు నేను చాలా చూశాను.

ఇక రిసీవరు వెనక్కి వెళ్దాం. ఇబ్బందంతా అక్కడే. ఎఫ్ఎం, 75 ఓమ్ అని రాసిన సాకెట్ ఒకటి ఉంటుంది. కొన్నింటికి మరలు ఉంటాయి, డిష్ కనెక్టర్ తిన్నగా ఎక్కుతుంది. కొన్నింటికి మరలు ఉండవు, పాత టీవీ పిన్నులా నొక్కే రకం. దానికి మార్పిడి పిన్ను ఏ ఎలక్ట్రికల్ షాపులో అయినా దొరుకుతుంది. పక్కనే స్ప్రింగ్ క్లిప్పులు రెండు ఉంటే అవి ఏఎం రేడియోవి, వాటి జోలికి పోవద్దు. ఇప్పటి సెట్లకు వైఫై, బ్లూటూత్ కోసం మరలున్న చిన్న సాకెట్లు కూడా వస్తున్నాయి, చూడ్డానికి యాంటెన్నా సాకెట్లలాగే ఉంటాయి. కేబుల్ వాటికి కాదు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. డిష్‌కు ఇంకా పనిచేస్తున్న కేబుల్‌ను రిసీవరుకు ఎప్పుడూ తగిలించకండి. సెట్‌టాప్ బాక్స్ ఆ కేబుల్ గుండా 13 లేదా 18 వోల్టులు పైకి పంపుతుంది. పైగా డిష్ పట్టుకునేది గిగాహెర్ట్జ్ తరంగాలను, దానికి ఎఫ్ఎం వినపడదు. రెండు వైపులా విప్పేసిన కేబుల్ అయితేనే వాడండి.

కనెక్టర్ బిగించేటప్పుడు జాలీలోని వెంట్రుకంత పోగు ఒకటి నడిమి రాగి తీగకు తగిలిందంటే అంతా పోయినట్టే. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ఇంట్లో రోజంతా యాంటెన్నా అటూ ఇటూ తిప్పాను. సాయంత్రం కనెక్టర్ విప్పితే అలాంటి పోగు కనిపించింది. ఆ ఇంటి పెద్దామె కోప్పడకుండా అన్నం పెట్టి పంపింది. అప్పటి నుంచి ముందు కనెక్టర్ చూసి, తర్వాతే నిచ్చెన ఎక్కుతాను.

మేడ మీద పని గురించి ఇంకా జాగ్రత్తగా వినండి. మన వీధుల్లో కరెంటు తీగలు పిట్టగోడల పక్కనుంచే పోతుంటాయి. యాంటెన్నా బిగించే పైపు పడితే తీగ మీద పడే అవకాశం ఉన్న చోట అసలు నిలబెట్టకండి. పైపు పొడవుకు రెండింతల దూరం ఉండాలి. అంత ఖాళీ లేకపోతే అటకలోనో, పై గది కిటికీ దగ్గరో పెట్టుకోండి. కొంచెం తక్కువ వస్తుంది, కానీ ప్రాణం ముఖ్యం. ఇనుప పైపును దళసరి రాగి తీగతో ఎర్త్ చేయాలి, కేబుల్ జాలీని కూడా ఇంట్లోకి వచ్చే ముందే ఎర్త్‌కు కలపాలి. ఎర్త్ చేశాం కదా అని ఉరుముల వేళ ధీమాగా ఉండకండి. కారుమబ్బు పట్టగానే కేబుల్ విప్పేయండి. ఉరుములు మొదలయ్యాక దాన్ని ముట్టుకోవద్దు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్లం మనం. మూడు వైపులా స్టే వైర్లు కట్టండి, తుపాను హెచ్చరిక వస్తే పైపు దించేయండి. మనది ఉప్పు గాలి. బయటి కనెక్టర్లకు రబ్బరు టేపు గట్టిగా చుట్టాలి. కేబుల్ కిటికీలోకి వచ్చే ముందు కిందికి ఒక వంపు తిప్పితే వాన నీళ్లు అక్కడే కారిపోతాయి.

బూస్టర్ పెట్టమంటారా అని చాలామంది అడుగుతారు. నా మాట వద్దనే. పైన సిగ్నల్ మంచిదైతే బూస్టర్ అక్కర్లేదు, చెడ్డదైతే బుసను కూడా కలిపి పెంచుతుంది. కేబుల్ చాలా పొడవైనప్పుడు, అదీ యాంటెన్నా దగ్గరే పెడితేనే ఉపయోగం.

చివరికి తిప్పడం. గొట్టాల చివరలు విశాఖ వైపు చూడకూడదు, పక్క భాగం చూడాలి. ఒకరు మేడ మీద, ఒకరు సెట్టు దగ్గర ఉండండి. "వచ్చిందా?" అని అరవక్కర్లేదు, ఇప్పుడు ఫోన్లున్నాయి. సెట్టు తెర మీద సిగ్నల్ గీతలు ఎక్కువ వచ్చిన చోట ఆగిపోకండి. వార్తలు చదివేటప్పుడు స, శ అక్షరాలు వినండి. అవి చీరుకుపోయినట్టు వస్తే కొండకో పెద్ద భవనానికో తగిలి తిరిగొచ్చిన తరంగం కలుస్తోందన్నమాట. ఇంకో పది డిగ్రీలు తిప్పి, ఆ అక్షరాలు శుభ్రమైన చోట బిగించండి. అడ్డంగా రాకపోతే నిలువుగా పెట్టి కూడా చూడండి.

మాస్టారింట్లో స్టీరియో దీపం ఆరిపోకుండా నిలబడేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన ఏమీ అనలేదు, కుర్చీ స్పీకర్ల మధ్యకు జరుపుకుని కూర్చున్నారు.

ఈ బల్ల మీద కేబుల్ ముక్కలు, కనెక్టర్లు, రెండు కత్తులు ఉన్నాయి. జాలీ పోగు తగలకుండా ఎలా బిగించాలో ఇప్పుడు చేసి చూపిస్తాను. వెనక ఉన్నవాళ్లు ముందుకు రండి, తర్వాత మీరూ ఒక్కొక్కటి బిగించి చూద్దురుగాని.