పోయాక వచ్చే రత్నం

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, నేను ఏ నాయకుడి అభిమాన సంఘం తరఫునా రాలేదు, కాబట్టి ఎవరూ టెన్షన్ పడొద్దు.

2024 మార్చి 30న రాష్ట్రపతి భవన్‌లో జరిగిన భారతరత్న ప్రదానం మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. పీవీ నరసింహారావు గారి తరఫున కొడుకు వచ్చారు, కర్పూరీ ఠాకూర్ గారి తరఫునా కొడుకే, చరణ్ సింగ్ గారి తరఫున మనవడు, స్వామినాథన్ గారి తరఫున కూతురు. పేరు పిలుస్తారు, ఆ పేరున్న మనిషి మాత్రం హాల్లో ఉండడు. పీవీ పోయింది 2004 డిసెంబరులో. ఏడాదికి ముగ్గురికి మించి ఇవ్వకూడదని ఒక నియమం ఉంది, 2024లో మాత్రం ఐదుగురికి ఇచ్చారు. లోక్‌సభ ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయని నేను వేరే చెప్పాలా!

అసలు 1954లో ఈ అవార్డు పెట్టినప్పుడు చనిపోయినవాళ్లకి ఇచ్చే వీలే లేదు, 1955లో నిబంధన మార్చారు. 1966లో లాల్ బహదూర్ శాస్త్రి గారితో మొదలైంది. ఇక అక్కణ్ణుంచి వరస చూడండి. ఎంజీఆర్ 1987 డిసెంబరులో పోతే 1988లోనే ఇచ్చేశారు, 1956లో పోయిన అంబేద్కర్ మాత్రం 1990 దాకా ఆగాల్సి వచ్చింది. 1950లో పోయిన పటేల్‌కీ, 1991లో హత్యకు గురైన రాజీవ్ గాంధీకీ ఒకే ఏడాది వచ్చింది. ఒకరికి నలభై ఏళ్లు పట్టింది, ఇంకొకరికి నెలలు చాలాయి. పటేల్ గొప్పతనం ఆ మధ్యలో పెరిగిందా? ఢిల్లీలో కుర్చీలు మారాయి, అంతే.

సుభాష్ చంద్రబోస్‌ది ఇంకో కథ. 1992లో ‘మరణానంతరం’ అని ప్రకటించారు, ఆ ఒక్క మాట మీదే గొడవ, ఆయన చనిపోయారని తేల్చిందెవరు అంటూ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చివరికి 1997లో ఆ ప్రకటన రద్దయింది.

ఇంకో తమాషా ఏంటంటే, మన రాజ్యాంగం 18వ అధికరణం ప్రకారం ప్రభుత్వం బిరుదులు ఇవ్వకూడదు, సైనిక, విద్యా సంబంధమైనవి తప్ప. భారతరత్న, పద్మ అవార్డులు బిరుదులు కావనీ, అందుకే పేరుకు ముందూ వెనకా తగిలించుకోకూడదనీ 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మరి మన పొట్టి శ్రీరాములు గారి సంగతి? 1952 డిసెంబరు 15న నిరాహారదీక్షలో ప్రాణం వదిలారు, జనం అమరజీవి అన్నారు. ఏ కమిటీ సిఫార్సు చేసింది, ఏ గెజిట్లో వేశారు? అయినా ఆ మాట లేకుండా ఆయన పేరు పలకడం మనకి ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఎన్టీఆర్‌కి భారతరత్న ఇవ్వాలని మహానాడులో ఎన్నిసార్లు తీర్మానం చేశారో. 2023లో ఆయన బొమ్మతో వంద రూపాయల నాణెం వచ్చింది గానీ రత్నం రాలేదు. రేపు వచ్చినా ఆ కోర్టు తీర్పు ప్రకారం పేరు ముందు భారతరత్న అని రాసుకోవడానికి లేదు. ‘అన్న’ అని రాసుకోవచ్చు, దానికి ఏ కోర్టూ అడ్డు చెప్పలేదు.