గులాబీ రంగు తుడిచేసి చూద్దాం: జాగ్వార్ టైప్ 00 కూపే ఆకృతి

(తెరపై: గులాబీ రంగు టైప్ 00, ఆ పక్కనే నీలం రంగు టైప్ 00)

జాగ్వార్ సంస్థ 2024 డిసెంబరులో మయామీ నగరంలో టైప్ 00 అనే విద్యుత్ కూపే (రెండు తలుపులతో, కప్పు వెనక్కి వాలి ఉండే కారు) నమూనాను చూపించినప్పటి నుంచి, నాకు కార్లంటే ఇష్టమని తెలిసినవారంతా ఒకే ప్రశ్న అడుగుతున్నారు. ఆ గులాబీ రంగు బాగుందా, బాగాలేదా? బెంజి సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే అడిగారు, మొన్న బంధువుల పెళ్లిలో భోజనానికి కూర్చున్నప్పుడూ అడిగారు. ఈ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ కారును గులాబీతో పాటు నీలం రంగులోనూ చూపించారు, నీలం కారును చూసినవారు ఒక అభిప్రాయానికి, గులాబీ కారును చూసినవారు మరొక అభిప్రాయానికి వస్తే వారిద్దరూ కారు ఆకృతి గురించి ఇంకా మాట్లాడటం మొదలుపెట్టనట్టే. రంగు మార్చినా మారకుండా మిగిలేది ఏమిటో ఈరోజు చెప్పాలనుకుంటున్నాను.

(తెరపై: రంగు వేయని కొండపల్లి ఏనుగు అంబారీ బొమ్మ, పక్క నుంచి)

నా చేతిలో ఉన్నది కొండపల్లి ఏనుగు అంబారీ, దీనికి ఇంకా రంగు పడలేదు. తెల్లపొణికి కర్రను చెక్కి, భాగాలను విడివిడిగా తయారుచేసి, చింతగింజల పొడిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించారు. దీని మీద సున్నం పూత కూడా లేదు. అయినా విజయవాడలో దసరా బొమ్మల కొలువు చూసిన ఏ పిల్లవాడికి చూపించినా ఇది ఏనుగు అంబారీ అని వెంటనే చెబుతాడు. ఇప్పుడు ఈ అంబారీని ఏనుగు మెడ వైపు వేలెడు జరిపితే బొమ్మ ముందుకు తూలుతున్నట్టు కనిపిస్తుంది, వేలెడు వెనక్కి జరిపితే అంబారీ తోక మీదుగా జారిపోతున్నట్టు ఉంటుంది. ఆ తరువాత ఎర్ర రంగు వేసినా, బంగారు అంచు దిద్దినా ఆ తూలుడు పోదు.

కూపేలో మనుషులు కూర్చునే భాగమే అంబారీ. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య ఉన్న దూరమే ఏనుగు వీపు. ఆ వీపు మీద అంబారీ ఎక్కడ కూర్చుందన్నదే కూపే అందానికి మొదటి ప్రశ్న, దానికి జవాబు కారును పక్క నుంచి చూసినప్పుడే దొరుకుతుంది. ముందు నుంచి తీసిన ఫొటో చూసి దీపాల గురించి, గ్రిల్లు గురించి తీర్పు చెప్పడమంటే ఏనుగు నుదుటి మీది బొట్టును చూసి బొమ్మకు వెల కట్టడమే.

అంబారీ స్థానాన్ని ఇన్నాళ్లూ నిర్ణయించింది ఇంజను. మన వీధుల్లో తిరిగే చిన్న కార్లలో ఇంజను అడ్డంగా కూర్చుని ముందు చక్రాలనే తిప్పుతుంది, కాబట్టి ఆ చక్రం తలుపుకు చాలా దగ్గరగా ఉంటుంది. ఇంజనును కారు పొడవు వెంబడి పెట్టి, వెనుక చక్రాలను తిప్పే కారులో ముందు చక్రం ముందుకు పోతుంది, బానెట్ పొడవవుతుంది, అంబారీ వెనుక చక్రం వైపు జరుగుతుంది. 1961లో జెనీవా ప్రదర్శనలో కనిపించిన జాగ్వార్ ఈ-టైప్‌కు అంత పొడవైన బానెట్ రావడానికి కారణం దాని కింద వరుసగా ఆరు సిలిండర్లున్న 3.8 లీటర్ల ఇంజను ఉండటమే. విమాన సంస్థలో పనిచేసి జాగ్వార్‌కు వచ్చిన మాల్కమ్ సేయర్ ఆ అవసరాన్నే గాలికి అనువుగా మలిచారు. ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే మేస్త్రీలకు ఈ మాట కొత్తగా చెప్పనవసరం లేదు. చాసిస్ మీద, అంటే బండి అడుగు చట్రం మీద, చక్రాలు ఎక్కడ ఉండి వస్తే అక్కడే ఉంటాయి, పైకట్టు దానికి లోబడవలసిందే.

ఇప్పుడు టైప్ 00 దగ్గరకు వద్దాం. ఇందులో ఇంజను లేదు, అయినా బానెట్ చాలా పొడవు. లోపల ఏమీ లేని పొడవును ఎందుకు మోస్తోంది, ఇది పాత జ్ఞాపకాన్ని అమ్ముకోవడం కాదా అని చాలామంది విమర్శించారు. ఈ విమర్శలో బలం ఉందని ఒప్పుకుంటాను, కానీ దానితో ఏకీభవించను. కొండపల్లి ఏనుగు కడుపులోనూ ఏమీ లేదు. అంబారీ ఎక్కడ ఉండాలో అక్కడ చెక్కేవారి కన్నే నిర్ణయిస్తుంది. ఇంజను తొలగిపోయాక కార్ల రూపశిల్పికీ మొదటిసారి అటువంటి స్వేచ్ఛ దొరికింది, ఆ స్వేచ్ఛతో అంబారీని వెనుక చక్రాల వైపు జరపడం నా దృష్టిలో సరైన నిర్ణయం. పక్క నుంచి చూసినప్పుడు ఈ కారు తూలడం లేదు, జారడం లేదు, బరువును వెనుక కాళ్ల మీద వేసి నిలబడింది. నాకు ఈ కారులో అన్నిటికంటే నచ్చినది ఇదే.

(తెరపై: టైప్ 00 పక్క చిత్రం, చక్రం మీద గీత)

నాకు నచ్చనిది కూడా పక్క నుంచే కనిపిస్తుంది. పక్క రేకు ఎత్తుగా ఉంది, కిటికీ గాజు సన్నటి పట్టీలా మిగిలింది. విద్యుత్ కార్లలో బ్యాటరీని సాధారణంగా నేల కింద పరుస్తారు. దాని మందం పది సెంటీమీటర్లకు పైగా ఉంటుంది, నేల అంత పైకి లేస్తే సీటు లేస్తుంది, సీటు లేస్తే పైకప్పు లేస్తుంది. కూపే మాత్రం నేలకు అంటుకున్నట్టు కనిపించాలి. అందువల్ల కన్నును మభ్యపెట్టడానికి పక్క రేకును ఎత్తు చేసి, గాజును సన్నం చేసి, చక్రాలను పెంచుతారు. టైప్ 00 చక్రాలు 23 అంగుళాలు, అంటే టైరు కలపకుండానే అడ్డంగా 58 సెంటీమీటర్లు. మన చిన్న కార్లకు ఉండేవి 14, 15 అంగుళాలు. ఏనుగు కాళ్లను లావుగా చెక్కితే పొట్ట చిన్నదిగా కనిపిస్తుందన్నదే ఇక్కడి సూత్రం. అయితే కాళ్లను సన్నబరిచిన రోజున ఆ పొట్ట పొట్టగానే కనిపిస్తుంది. గుంతలున్న రోడ్డు మీద 23 అంగుళాల చక్రం, దానికి చుట్టిన పలుచని టైరు ఎంతకాలం నిలుస్తాయో బందరు రోడ్డు మీద వర్షాకాలంలో కారు నడిపినవారు ఊహించగలరు.

నమూనా నుంచి అమ్మకానికి వచ్చేసరికి ఏమి మారుతుందో చూపడానికి పోర్షే ఉదాహరణ బాగా ఉపయోగపడుతుంది. 2015లో ఆ సంస్థ ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపిన ‘మిషన్-ఈ’ అనే విద్యుత్ నమూనా కారు ఎత్తు 1.30 మీటర్లు. అదే 2019లో టైకాన్ అనే పేరుతో అమ్మకానికి వచ్చినప్పుడు ఎత్తు సుమారు 1.38 మీటర్లకు చేరింది. ఎనిమిది సెంటీమీటర్లు వినడానికి చిన్న సంఖ్యే, కానీ కూపే వంటి కారులో అది జీవం పోవడానికి సరిపోయే కొలత. వెనుక కూర్చునేవారి పాదాల కోసం బ్యాటరీలోనే గుంతలు వదిలి, సీటును కిందికి దించి, టైకాన్ ఇంజనీర్లు అంబారీని కాపాడారు. దీపాలు గీయడం కంటే అటువంటి పనికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

అనుకున్న సమయం దాదాపు అయిపోయింది, మిగిలినవి త్వరగా చెబుతాను. టైప్ 00కు వెనుక కిటికీ గాజు లేదు. ఇది అసాధ్యం కాదు, పోల్‌స్టార్ 4 అనే విద్యుత్ కారు వెనుక గాజు లేకుండానే అమ్మకానికి వచ్చింది, కెమెరా ఆ పని చేస్తుంది. పక్క అద్దాలకు బదులు ఇత్తడి పలకల వెనుక కెమెరాలు దాచారు, చట్టాలు దేశానికొక విధంగా ఉంటాయి కాబట్టి ఇది అన్ని చోట్లా మిగులుతుందని అనుకోను. ముఖం చదునుగా, అడ్డ గీతలతో ఉంది, నాకు అది కొంత మొద్దుగా అనిపించింది, అయినా అది పై పూతకు సంబంధించిన విషయం, మార్చడం కష్టం కాదు. వెనుక వాలు సంగతి అలా కాదు. 1998లో వచ్చిన ఆడీ టీటీ గుండ్రటి వెనుక భాగం చూడటానికి ఎంతో అందంగా ఉండేది, కానీ అతి వేగంలో వెనుక చక్రాల మీద పట్టు తగ్గి ప్రమాదాలు జరిగాక ఆ కార్లను వెనక్కి పిలిపించి చిన్న స్పాయిలర్ (గాలి కారును పైకి లేపకుండా ఆపే రెక్క) బిగించవలసి వచ్చింది. పక్కల సంగతీ అంతే. 1971 నాటి లంబోర్గిని కౌంటాష్ నమూనా పక్కలు నున్నగా ఉండేవి, 1974లో అమ్మకానికి వచ్చేసరికి ఇంజను చల్లబడటానికి వాటి మీద గాలి పెట్టెలు లేచాయి.

టైప్ 00 ఇదే రూపంలో రోడ్డు మీదికి రాదు, దీని ఆధారంగా నాలుగు తలుపుల కారు వస్తుందని జాగ్వార్ ముందే ప్రకటించింది. రెండు తలుపులు పెరిగితే అంబారీ పొడవవుతుంది, దానికి వీపు కూడా పొడవు కావాలి, లేకపోతే అంబారీ ముందుకు జరగాలి. ఆ కారు ఫొటోలు వచ్చిన రోజున నేను దాని రంగు పేరు చదవను, పక్క చిత్రం తీసుకుని ముందు చక్రానికీ తలుపు అంచుకూ మధ్య దూరాన్ని స్కేలు పెట్టి కొలుస్తాను.