తెర మీద పది సెకన్లు

మిత్రులకు నమస్కారం. థియేటర్లో బొమ్మ పడేముందు ఓ పది సెకన్లు తెర మీద సర్టిఫికెట్ నిలుస్తుంది. ఆ కాసేపూ మనం సీటు వెతుక్కుంటూ, పాప్‌కార్న్ సర్దుకుంటూ ఉంటాం. ఈ సాయంత్రం నా మాటలన్నీ ఆ కాగితం గురించే.

‘సెన్సార్ బోర్డు’ పేరు 1983లోనే కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలిగా మారింది. పత్రికల్లో మాత్రం ‘సెన్సార్ పూర్తి చేసుకున్న చిత్రం’ అనే వాక్యం చెక్కుచెదరలేదు. ఆ పాత మాటే నిజానికి దగ్గరేమోనని నా అనుమానం.

సినిమాను ముందు చూసేది ఎగ్జామినింగ్ కమిటీ: నలుగురు ప్యానెల్ సభ్యులు, ఒక అధికారి. సినిమా మొత్తం కలిగించే ప్రభావాన్ని చూసి తీర్పు చెప్పాలన్నది మార్గదర్శకం. బేరం వచ్చేసరికి అంతా సెకన్ల లెక్కే. కొడవలి వేటు ఆరు సెకన్లుంటే రెండుకు తగ్గించండి, రక్తం మసకబార్చండి, ఫలానా తిట్టు మ్యూట్ చేయండి, ‘యూఏ’ (తల్లిదండ్రుల సలహాతో పిల్లలూ చూడదగ్గది) ఇస్తాం అంటారు. నిర్మాత ఒప్పుకుంటాడు. ‘ఏ’ (పెద్దలకు మాత్రమే) వస్తే కుటుంబాలు రావు, టీవీ హక్కులకు గండి పడుతుంది. ఇంతకీ హాల్లో జరిగేదేమిటి? హీరో పెదాలు ఊరికే కదులుతాయి, వెనక వరస కుర్రాళ్లు ఆ మాటను గొంతెత్తి పూరిస్తారు. మ్యూట్ చేయకపోతే అది అంత గట్టిగా వినిపించేది కాదు!

నిర్మాతకు నచ్చకపోతే రివైజింగ్ కమిటీ ఉంది. ఆ పైన ఉండే అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను 2021లో ఎత్తేశారు కాబట్టి ఇక హైకోర్టే గతి. చిన్న నిర్మాత విడుదల తేదీ పెట్టుకుని కోర్టు మెట్లెక్కుతాడా? కత్తిరించుకుని పోతాడు.

2023 సవరణతో ‘యూఏ’ మూడు ముక్కలైంది: 7 ప్లస్, 13 ప్లస్, 16 ప్లస్. ఏడేళ్ల పిల్లనూ పదిహేనేళ్ల కుర్రాణ్నీ ఒకే గాట కట్టడం మానడం మంచిదే. అయితే ఆ అంకె తల్లిదండ్రులకు ఇచ్చే సలహా మాత్రమే, గేటు దగ్గర టికెట్ చించేవాడికి ఇచ్చిన ఆజ్ఞ కాదు. ‘ఏ’ మాత్రం ఆజ్ఞే: ఆ సినిమాకు పదిహేడేళ్ల కొడుకును తండ్రి వెంటబెట్టుకొచ్చినా వెనక్కి పంపాల్సిందే. పక్క తెర మీద 16 ప్లస్ సినిమా ఆడుతుంటే, అయిదేళ్ల పాప అమ్మ చెయ్యి పట్టుకుని నిక్షేపంగా లోపలికి వెళ్లవచ్చు.