ఇంకా చేయని పరామర్శలు

పెద్దలకు, గ్రంథాలయ సిబ్బందికి, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల్లో కరోనా గురించి మాట్లాడతానంటే మిత్రులు కొందరు "ఇప్పుడెందుకు సార్ ఆ గొడవ, అందరూ మర్చిపోయారు కదా" అన్నారు. నాకలా అనిపించడం లేదు. మన నెల్లూరులో ఏ వీధి అరుగు మీదైనా కాసేపు కూర్చుని ఆ మాట ఎత్తి చూడండి. ఒకరు ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి లోపలికి వెళ్లిపోతారు. ఎదురింటివాళ్ల ప్రస్తావన రాగానే ఇంకొకరి ముఖం మారిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న దీన్ని మహమ్మారి అంది, 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. జబ్బు సంగతి అలా తేలింది. ఆ మూడేళ్లలో మనుషుల మధ్య పడిన ఎడం సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు. నేను దాని గురించే మాట్లాడాలని వచ్చాను.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు మన ఊళ్లోనే బయటపడింది, 2020 మార్చి 12న. ఇటలీ నుంచి వచ్చిన కుర్రవాడు. అతను కోలుకున్నాడు. కానీ అతని మీద, ఆ ఇంటి మీద ఎన్ని మాటలు తిరిగాయో ఇక్కడున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. తర్వాత రెండు వారాలకే లాక్‌డౌన్. ఊళ్ల పొలిమేరల్లో ముళ్లకంపలు అడ్డం పడ్డాయి. హైదరాబాద్‌లో హాస్టళ్లు మూసేస్తుంటే పిల్లలు పోలీసుల దగ్గర అనుమతి పత్రాలు తీసుకుని బయల్దేరారు. ఆంధ్రా సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వాళ్లను ఆపేశారు. సొంత రాష్ట్రానికి వస్తున్న పిల్లలు గంటల తరబడి రోడ్డు మీద నిలబడ్డారు.

ఆ భయాన్ని నేను తప్పుపట్టను. మందు లేదు, టీకా లేదు, ఎలా అంటుకుంటుందో డాక్టర్లకే సరిగా తెలియని రోజులవి. నా బాధల్లా ఆ భయం ఎవరి మీదికి తిరిగిందన్నదే. ముళ్లకంప కొన్నాళ్లకు తీసేశారు. మనిషి మీద వేసిన ముద్ర అలా తీసేస్తే పోయేది కాదు.

మార్చిలోనే ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన తబ్లిగీ జమాత్ అనే ముస్లిం మత ప్రచార సంస్థ సభ వార్త వచ్చింది. అక్కడికి వెళ్లివచ్చినవాళ్లలో జబ్బు బయటపడింది, అది నిజం. వాళ్లను వెతికి పరీక్షలు చేయడం అవసరమే. కానీ వారం తిరిగేసరికి ఆ సభకూ ఢిల్లీకీ ఏ సంబంధమూ లేని ముస్లింలందరినీ అనుమానంగా చూడటం మొదలైంది. ఎన్నో ఏళ్లుగా మన గుమ్మంలోకి కూరగాయలు తెచ్చిన మనిషిని పేరడిగి వెనక్కి పంపినవాళ్లు ఉన్నారు. పళ్ల మీద ఉమ్ముతున్నారంటూ వీడియోలు తిరిగాయి. ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లిగీల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేసినట్టు కనిపిస్తోందని రాసింది. డిసెంబరులో ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయులను నిర్దోషులని విడుదల చేసింది. నింద మోసినంత ఉత్సాహంగా ఆ తీర్పులను ఎవరూ మోయలేదు. ఏప్రిల్‌లో ఫార్వర్డ్‌లు పంపిన గ్రూపుల్లో డిసెంబరు తీర్పును పంపినవాళ్లు ఎంతమంది? బండి వెనక్కి పంపించిన ఇంటివాళ్లు తర్వాత ఆ మనిషిని పిలిచి ఒక్క మాట చెప్పారా? చాలామంది చెప్పలేదు. అతను మళ్లీ వస్తున్నాడు, వాళ్లు మళ్లీ కొంటున్నారు, ఇద్దరికీ అంతా గుర్తుంది.

నింద ఒక మతంతో ఆగలేదు. చప్పట్లు కొట్టిన చేతులతోనే డాక్టర్లను, నర్సులను అద్దె ఇళ్లు ఖాళీ చేయమన్నారు. అదే ఏప్రిల్‌లో మన నెల్లూరు డాక్టరు ఒకాయన కరోనాతో చెన్నైలో చనిపోతే అక్కడ దహనానికి స్థానికులు అడ్డుపడ్డారు. ఆ వారంలోనే చెన్నైలో న్యూరోసర్జన్ సైమన్ హెర్క్యులిస్ చనిపోయారు. ఆయన శవాన్ని తీసుకెళ్తున్న అంబులెన్స్ మీద రాళ్లు, కర్రలతో దాడి చేశారు. తోటి డాక్టరే ఆ రాత్రి దగ్గరుండి పూడ్చిపెట్టారు. కీల్పాక్ శ్మశానంలో మళ్లీ ఖననం చేయనివ్వమని ఆయన భార్య కోర్టుకు వెళ్లాల్సివచ్చింది. ఆ వెంటనే, ఏప్రిల్ 22న, కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరించి, వైద్య సిబ్బంది మీద దాడి చేస్తే ఏడేళ్ల వరకు జైలు అని ఆర్డినెన్స్ తెచ్చింది.

ఆ 1897 చట్టం ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలు తెలుసుకోవాలి. బొంబాయి ప్లేగు కోసం తెల్లదొరలు చేసిన చట్టం అది. దాని అండతో పుణేలో సైనికులు ఇళ్లలోకి చొరబడి సోదాలు చేశారు. జనం మండిపడ్డారు, ప్లేగు అధికారి ర్యాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. అదే ఏడాది, అదే పుణేలో, సావిత్రీబాయి ఫూలే ప్లేగు సోకిన దళిత బాలుణ్ణి వీపున మోసుకుంటూ కొడుకు నడిపే వైద్యశాలకు తీసుకొచ్చారు. ఆ జబ్బే ఆమెకూ అంటుకుంది. మార్చి 10న కన్నుమూశారు. ప్లేగు గురించి పాఠం చెప్పేటప్పుడు తుపాకీ కథ ఒక్కటే చెప్పి వదిలేయకండి, ఆ తల్లి కథ కూడా చెప్పండని నేను తోటి టీచర్లతో ఎప్పుడూ అంటుంటాను.

వలస కూలీల సంగతి మీకు తెలుసు. ములుగు జిల్లా మిరప తోటల్లో పనికొచ్చిన పన్నెండేళ్ల పిల్ల ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి నడిచి నడిచి, ఇల్లు ఇంకొంత దూరం ఉందనగా చనిపోయింది. మే 1న దేశంలో మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది, అప్పటికి లాక్‌డౌన్ పెట్టి అయిదు వారాలు దాటింది. ఇక 2021 మేలో మన తెలుగువాళ్లే తెలుగువాళ్లను ఆపారు. ఆంధ్రా నుంచి హైదరాబాద్ ఆసుపత్రులకు వెళ్తున్న అంబులెన్సులను పుల్లూరు టోల్‌గేట్ దగ్గర, గరికపాడు వైపు సరిహద్దులో నిలిపేశారు. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఆ ఉత్తర్వుల మీద అక్కడి హైకోర్టు మే 14న స్టే ఇచ్చేదాకా ఆ తంతు సాగింది. బెడ్లు నిండిపోయాయన్న తెలంగాణ వాదనలో నిజం ఉండొచ్చు. ఆక్సిజన్ సిలిండర్ తగిలించుకుని రోడ్డు మీద ఆగిపోయిన మనిషికి ఆ వాదన వినిపించడం ఎలా?

ఇవన్నీ వార్తల్లో వచ్చినవి. వార్తల్లోకి ఎక్కనిది ఇంకొకటి ఉంది. నాకు దాని మీదే ఎక్కువ బెంగ.

మనలో చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్లే అన్నం వండి పంపుతారు. ఆడవాళ్లు వచ్చి కూర్చుంటారు, మొదటి నుంచి చివరి దాకా ఎలా జరిగిందో అడుగుతారు, ఆ ఇల్లాలు అదే కథ ఇరవైసార్లు చెబుతుంది. అలా చెప్పీ చెప్పీ తను కూడా ఆ చావును నమ్ముతుంది. మూడో రోజు, పదకొండో రోజు, పెద్దకర్మ, పిట్టకు పెట్టడం, ముస్లింలకు జనాజా నమాజు, జియారత్, క్రైస్తవులకు ఆదరణ కూడిక. ఎవరి పద్ధతి వాళ్లది. అన్నిటిలోనూ జరిగేది పదిమంది వచ్చి పక్కన కూర్చోవడమే. కరోనా చావుల్లో అది లేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి తీసుకెళ్లారు, ముఖం చూపించలేదు. పలాసలో ఒక వృద్ధుడి శవాన్ని జేసీబీలో పెట్టి తీసుకెళ్లారు. అధికారులను సస్పెండ్ చేశారు, ఆ వార్త అంతటితో అయిపోయింది.

మా వీధిలో ఒకావిడ భర్త రెండో వేవ్‌లో పోయాడు. ఆమె నాతో అన్న మాట ఇది: "ఆయన పోవడం నా రాత అన్నా. ఎదురింటి పిన్ని కిటికీ తలుపు వేసుకోవడమే నాకు మింగుడుపడటం లేదు." ఆ పిన్ని చెడ్డ మనిషి కాదు. ఆమె ఇంట్లో చంటిబిడ్డ ఉంది. జబ్బు తగ్గాక వెళ్దామనుకుంది. తగ్గేసరికి ఇన్నాళ్లకు ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలన్న మొహమాటం వచ్చింది. ఇద్దరూ రోజూ ముగ్గులేసుకుంటూ ఎదురెదురుగా వంగుతారు, మాట మాత్రం లేదు. ఇలాంటి ఇళ్లు ఈ హాల్లో ఉన్నవాళ్లలో ప్రతి ఒక్కరికీ కనీసం ఒకటైనా తెలుసునని నేను పందెం కాయగలను.

పైగా చాలా చావులు లెక్కలోకే రాలేదు. సుప్రీంకోర్టు జోక్యంతో ఒక్కో మరణానికి 50 వేల రూపాయల పరిహారం వచ్చింది. 2022 జనవరిలో కోర్టు ముందుకు వచ్చిన లెక్క చూడండి: తెలంగాణ చెప్పిన మరణాలు 4 వేల లోపు, పరిహారం అడిగినవాళ్లు 28 వేలకు పైగా. ఆంధ్రప్రదేశ్‌లో మరణాలు 14 వేల పైచిలుకు, దరఖాస్తులు 36 వేలు. వాటిలో తప్పుడువి ఉండొచ్చన్న అనుమానంతో మన రాష్ట్రంతో సహా నాలుగు రాష్ట్రాల్లో అయిదు శాతం దరఖాస్తుల తనిఖీకి కోర్టే అనుమతి ఇచ్చింది. కొన్ని తప్పుడువే అనుకున్నా, ఇంత తేడాకు అదొక్కటే జవాబు కాదు. తన మనిషి కరోనాతోనే పోయాడని కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకు, అసలు ఎవరూ తమను నమ్మలేదన్న బాధ అదనంగా మిగిలింది.

లండన్‌లో పార్లమెంటు ఎదురుగా నది ఒడ్డున గోడ మీద చనిపోయినవారి కుటుంబాలు ఒక్కొక్కరికి ఒక్కో ఎర్ర హృదయం గీశాయి. 2021 మార్చిలో మొదలుపెట్టారు, ఇప్పుడు రెండు లక్షలు దాటాయి. ప్రభుత్వం కట్టించింది కాదది. కుటుంబాలు రంగు డబ్బాలు పట్టుకుని వచ్చి మొదలుపెట్టాయి. మనం గోడ కోసం లండన్ వైపు చూడనక్కర్లేదు. స్వర్ణాల చెరువు ఉన్న ఊరు మనది. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగలో ఆరోగ్యం కోరుకునేవాళ్లు చెరువులో నిలబడి చెయ్యి చాస్తారు. కిందటిసారి ఆ కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఆ చేతిలో పెడతారు. ఇచ్చేవాడి కులమేదో, పుచ్చుకునేవాడి మతమేదో అడగరు. కరోనా ఏళ్లలో ఆ చెరువు జనం లేక బోసిపోయింది, 2022లో మళ్లీ నిండింది. అక్కడ అపరిచితుల చేతుల్లో రొట్టె పెట్టగలిగిన మనం, ఎదురింటి గుమ్మం ఎక్కలేకపోవడం నాకు అర్థం కావడం లేదు.

తిరుపతిలో ఆ రోజుల్లో ముస్లిం యువకులు కొందరు బృందంగా ఏర్పడి, ఎవరూ ముట్టుకోని శవాలకు, హిందువైతే హిందూ పద్ధతిలో, క్రైస్తవుడైతే క్రైస్తవ పద్ధతిలో అంత్యక్రియలు చేశారు. కొద్ది నెలల కిందట నిందలు పడ్డ మతంవాళ్లే ఆ పని చేశారు. వాళ్లకు శాలువాలు కప్పి ఫోటోలు దిగితే సరిపోదు. ఆ పని చూసి ఆ నింద ఎంత తప్పో ఒప్పుకోవాలి.

అందుకని నేను అడిగేది చిన్న పని. పరామర్శకు గడువు లేదు. అయిదేళ్లయినా వెళ్లండి. "అప్పుడు రాలేకపోయాను, భయపడ్డాను" అని చెప్పండి. ఆ ఇంటివాళ్లు కోప్పడితే పడనివ్వండి, వినండి. కరోనా నాటి పాత మాట కదా అనుకోకండి, ఇప్పుడే జరిగినట్టు మొదటి నుంచి అడగండి. కూరగాయల మనిషిని వెనక్కి పంపినవాళ్లు ఈసారి బండి వచ్చినప్పుడు బేరానికి ముందు ఆ విషయం ఎత్తండి. ఎవరో ఒకరు ముందు మాట్లాడాలి, మాట్లాడాల్సింది తలుపు వేసుకున్నవాళ్లే. బాధపడ్డవాళ్లు వచ్చి సర్దుకుపోవాలని ఎదురుచూడకండి, అది వాళ్ల బాధ్యత కాదు.

రెండోది ఈ గ్రంథాలయం పని. లైబ్రేరియన్ గారితో మాట్లాడాను, ఆమె ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం నుంచి రీడింగ్ రూములో ఒక రిజిస్టరు పెడుతున్నాం. 2020, 2021 సంవత్సరాల్లో మన ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో పోయినవాళ్ల పేర్లు అందులో రాయాలి. ఒక్కొక్కరికి ఒక పేజీ. ఏం పని చేసేవారు, ఏం ఇష్టపడేవారు, చివరి రోజుల్లో ఎవరు అన్నం తెచ్చి ఇచ్చారు, ఎవరు రాలేదు, మీకు ఏది రాయాలనిపిస్తే అది రాయండి. రాయడం రానివాళ్లు చెబితే ఇంటర్ పిల్లలు రాసిపెడతారు, నలుగురు ఇప్పటికే ముందుకొచ్చారు. ఫోటో ఉంటే తీసుకురండి, అంటించి ఉంచుతాం. వలస వచ్చి ఇక్కడ చనిపోయినవాళ్ల గురించి తెలిసినా రాయించండి, వాళ్ల తరఫున వచ్చే బంధువులు ఇక్కడ లేరు. జబ్బు పేరు రాసిన డెత్ సర్టిఫికెట్ అడగం. ఆధార్ అడగం. మా మనిషి అని మీరంటే చాలు. ఆదివారం ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా నేనూ అక్కడే ఉంటాను.